ముక్కు ఆపరేషన్‌కు కాలపరిమితి ఉంటుందా?

పోయిన నెల మా అక్క కూతురు నా పక్కన కూర్చుని, చేతిలో ఫోన్‌ను చాలాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి అడిగేసింది. "పిన్నీ, ఇప్పుడు ముక్కుకి సర్జరీ చేయించుకుంటే వయసు పైబడ్డాక మళ్ళీ చేయించుకోవాలట కదా? నిజమేనా?" తనకు 22 ఏళ్లు. నేను మొదటిసారి ముక్కుకు ఆపరేషన్ చేయించుకున్నప్పుడు నాకు 23. రెండోసారి చేయించుకునేనాటికి 51 నిండాయి. ఈ ప్రశ్న అడగడానికి తనకు ఇంట్లో నాకంటే తగిన మనిషి దొరకదు. అయినా ఆ సాయంత్రం నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. "నాకు అవసరమైంది, అందరికీ అవసరం పడదమ్మా" అని ఊరుకున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ ఎవరికి అవసరం పడుతుంది, ఎందుకు పడుతుంది అన్నది చెప్పకుండా అంత మాట అంటే ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. అందుకే నా శరీరం మీద నేర్చుకున్నదీ, ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదీ కలిపి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు మాట చెబుతాను. ముక్కు ఆపరేషన్‌కు కాలపరిమితి అంటూ ఏదీ లేదు. గుండెకు అమర్చిన పేస్‌మేకర్‌లో బ్యాటరీ అయిపోతుంది కాబట్టి దాన్ని కొన్నేళ్లకు మార్చాలి. మోకాలికి పెట్టిన కృత్రిమ కీలు కూడా ఏదో ఒకనాటికి అరుగుతుంది. సొంత ఎముకనూ, కార్టిలేజ్ అనే సొంత మృదులాస్థినీ చెక్కి, సర్ది, కుట్టిన ముక్కు అలాంటిది కాదు. గాయం మానాక అదంతా మన శరీరమే. చాలామంది ఒక్కసారి చేయించుకుని, ఆ తర్వాత జీవితమంతా ఆ ఊసే లేకుండా గడిపేస్తారు. అయితే ఆ ముక్కు 23 ఏళ్లప్పుడు ఎలా ఉందో 60 ఏళ్లప్పుడూ అలాగే ఉంటుందా అంటే, ఉండదు. చాలామంది ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసుకుని భయపడుతుంటారు. "మారుతుందా" అన్నది వేరు, "మళ్ళీ చేయించుకోవాలా" అన్నది వేరు. మొదటిదానికి జవాబు అందరికీ ఒకటే. రెండోదానికి జవాబు మాత్రం, మొదటి ఆపరేషన్‌లో ముక్కులోంచి ఎంత తీసేశారు, ఎంత మిగిల్చారు అన్నదాన్ని బట్టే ఎక్కువగా ఉంటుందని నా అనుభవమూ, నేను తెలుసుకున్నదీ రెండూ చెబుతున్నాయి.

మొదటి ప్రశ్న నాకు ఫోటోల దగ్గర తేలిపోయింది. అక్కదీ నాదీ ఒకే ముక్కు, నాన్న పోలిక: మధ్యలో బొడిపె, కొన కాస్త కిందికి. అక్క ఏనాడూ ఆపరేషన్ జోలికి పోలేదు. 1996లో మా ఇద్దరినీ పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి ఇంట్లో ఉంది. నా రెండో ఆపరేషన్‌కు కొన్ని నెలల ముందు, దాదాపు అదే కోణంలో తీసిన ఫోటోను దాని పక్కన పెట్టి చూశాను. పాత ఫోటోలో అక్క ముక్కు బొడిపెతో ఉంది, నాది తిన్నగా ఉంది. కొత్త ఫోటోలోనూ ఆ తేడా అలాగే ఉంది, నా బొడిపె తిరిగి రాలేదు. కానీ ఇద్దరి ముక్కు కొనలూ పెదవి వైపు జారాయి, అదీ ఇంచుమించు ఒకే మేరకు. ముక్కు అడుగు భాగానికీ పై పెదవికీ మధ్య ఉండే కోణాన్ని డాక్టర్లు కొలుస్తారు. వయసులో ఉన్న ఆడవారిలో అది సాధారణంగా లంబకోణం కంటే కొంచెం ఎక్కువగా, 95 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. మా ఇద్దరిలోనూ ఆ కోణం క్రమంగా మూసుకుంటూ వచ్చిందని కొలబద్ద లేకుండానే తెలుస్తోంది. అక్క ముక్కును ఏ సర్జనూ ముట్టుకోలేదు కాబట్టి, నా ముక్కు కొన జారడానికి నా ఆపరేషన్ కారణమని నేను అనలేను.

ముక్కూ చెవులూ బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయని అంటుంటారు. చూసే కంటికి అలాగే అనిపిస్తుంది కూడా. నిజానికి అక్కడ ఎదుగుదల కంటే జారడం ఎక్కువ. ముక్కులో పై మూడో వంతు మాత్రమే గట్టి ఎముక. మిగిలినదంతా కార్టిలేజ్ పలకలు, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే పీచు లాంటి కట్లు, వాటి మీద కప్పిన చర్మం. వయసుతో పాటు ఆ కట్లు సడలుతాయి, చర్మంలో బిగువు తగ్గుతుంది, కొన బరువును మోసే పలకలు బలహీనపడతాయి. ముక్కుకు పీటలా ఉండే పై దవడ ఎముక కూడా ఏళ్లు గడిచేకొద్దీ కొంత వెనక్కి తగ్గుతుంది, పై పళ్లు ఊడిపోయినవారిలో ఇది మరీ ఎక్కువ. పీట కుంగితే దాని మీద ఉన్నదీ కుంగుతుంది. కొన కిందికి దిగడంతో ముక్కు మొత్తం పొడుగైనట్టు కనిపిస్తుంది. ఇది ఆపరేషన్ అయినవారికీ కానివారికీ వచ్చే మార్పే. మొదటి ఆపరేషన్‌లో కొనకు గట్టి ఆధారం నిలబెట్టి ఉంటే, అలాంటి ముక్కు సహజంగా ఉన్నదానికంటే తక్కువ జారినా ఆశ్చర్యం లేదు. అందువల్ల 55 ఏళ్ల వయసులో అద్దంలో చూసుకుని "నా ఆపరేషన్ పాడైపోయింది" అనుకునేవారిలో కొందరికి నిజంగా పాడైనది ఏమీ ఉండదు, వయసు వచ్చింది, అంతే.

నా విషయం అక్కడితో ఆగలేదు. 1994లో నాకు చేసింది ఆ రోజుల్లో చాలాచోట్ల చేస్తున్న పద్ధతే. బొడిపెను చెక్కేశారు. రెండు వైపులా ఎముకను విడదీసి లోపలికి జరిపారు. కొనలోని పలకలను చాలావరకు కోసి సన్నం చేశారు. రెండు రంధ్రాల మధ్య గోడగా ఉండే దూలం వంకరగా ఉందని అందులోంచి కూడా ముక్క తీశారు. ఏడో రోజు పట్టీ విప్పి అద్దం చేతికిచ్చినప్పుడు, వాపుతో, కళ్ల కింద పసుపురంగు మరకలతో ఉన్న ఆ ముఖాన్ని చూసుకుని సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ ముక్కు మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఈ మాట ముందే చెప్పి తీరాలి, ఎందుకంటే మొదటి ఆపరేషన్ చేయించుకున్నందుకు నేను పశ్చాత్తాపపడుతున్నానని ఎవరూ అనుకోకూడదు.

తీసేసిన ఆ బొడిపె, నిజానికి, ఒక పైకప్పులో భాగం. ముక్కు మధ్యభాగంలో దూలం పైకి లేచి, రెండు పక్కలా ఉన్న పలకలతో కలిసి ఒక కప్పులా ఏర్పడుతుంది. దూలం దూలమే, పక్క పలకలు వాలు కప్పు. బొడిపెను చెక్కినప్పుడు ఆ కలయిక తెగిపోతుంది. తిరిగి పద్ధతిగా కట్టకపోతే పక్క పలకలు ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి వాలుతాయి. సరిగ్గా అక్కడే గాలి దారి మొత్తంలో అతి ఇరుకైన చోటు ఉంది. డాక్టర్లు దాన్ని వాల్వ్ అంటారు. పక్క గోడకూ దూలానికీ మధ్య ఆ చోట ఉండే కోణం 10 నుంచి 15 డిగ్రీలు మాత్రమే. మనం ముక్కుతో పీల్చే గాలికి ఎదురయ్యే అడ్డు సగానికి పైగా అక్కడే ఉంటుంది. అంత సన్నని సందులో ఒక్క మిల్లీమీటరు తగ్గినా మనిషికి తెలిసిపోతుంది. గోడ బలహీనంగా ఉంటే, గట్టిగా పీల్చేకొద్దీ అది మరింత లోపలికి లాక్కుపోతుంది. తడిసిన కాగితపు గొట్టంతో నీళ్లు పీల్చబోతే గొట్టం ముడుచుకుపోయినట్టు అన్నమాట.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ అనే సర్జన్ 1898లో పెద్ద ముక్కును చిన్నది చేసే ఆపరేషన్ చేశారు. ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్‌ను రైనోప్లాస్టీ అంటారు, ఆధునిక రైనోప్లాస్టీకి ఆయన్ను పితామహుడిగా చెబుతారు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఈ ఆపరేషన్ అంటే ప్రధానంగా తగ్గించడమే: చెక్కడం, కోయడం, తీసేయడం. అలా తీసేసిన ముక్కులు కాలక్రమంలో కుంగడం, మధ్యలో నొక్కుకుపోవడం, ఊపిరి ఆడకపోవడం సర్జన్ల కంటపడ్డాక ఆలోచన మారడం మొదలైంది. 1984లో జాక్ షీన్ అనే అమెరికన్ సర్జన్, దూలానికీ పక్క పలకకూ మధ్య సన్నని కార్టిలేజ్ పట్టీని చొప్పించి ఆ ఇరుకు సందును తెరిచి ఉంచే పద్ధతిని వివరించారు. దాన్ని స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటారు. బొడిపె చెక్కడంతో కప్పు తెగిన ముక్కుల్లో మధ్యభాగాన్ని తిరిగి కట్టడానికి ఆయన దాన్ని సూచించారు. ఇప్పుడు చాలామంది సర్జన్లు బొడిపె తీసిన మొదటిసారే ఆ కప్పును తిరిగి కట్టి మరీ మూస్తున్నారు. దూలంలోంచి కార్టిలేజ్ తీయాల్సి వస్తే పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున ఆధారంగా వదిలిపెట్టాలన్నది ఇప్పుడు అందరూ పాటించే సూత్రం. కాబట్టి 22 ఏళ్ల మా అమ్మాయి ఈ రోజు చేయించుకోబోయే ఆపరేషన్, 1994లో నేను చేయించుకున్నదీ ఒకటి కావు. నా ముక్కును చూసి తన ముక్కు భవిష్యత్తు లెక్కగట్టడం సరికాదు.

నాకు తేడా తెలిసింది 46వ ఏట. పగలు ఏమీ అనిపించేది కాదు. రాత్రి పడుకున్నాక కుడి రంధ్రం మూసుకుపోయేది, నోరు తెరుచుకునేది, తెల్లవారేసరికి గొంతు ఎండిపోయి ఉండేది. ఒక రాత్రి అనుకోకుండా చూపుడు వేలితో కుడి చెంపను చెవి వైపు కొంచెం లాగాను. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. వేలు తీస్తే ఆగిపోయింది. ఆ తర్వాత చాలాకాలం నేను చెంప మీద వేలు పెట్టుకునే నిద్రపోయాను. అది డాక్టర్లు చేసే ఒక పరీక్ష అనీ, దాన్ని కాటిల్ పరీక్ష అంటారనీ నాకు అప్పుడు తెలియదు. చెంపను పక్కకు లాగితే ఊపిరి తేలికగా ఆడితే, అడ్డు ఆ వాల్వ్ దగ్గర ఉండవచ్చని దాని అర్థం.

నేను చేసిన పెద్ద పొరపాటు ఆ తర్వాతే. జలుబు చేసినప్పుడు వాడే చుక్కల మందు వేసుకుంటే రాత్రి సుఖంగా గడిచిపోయేది. అలా రెండేళ్లు వాడాను. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటి ఆ స్ప్రేలను మూడు నుంచి ఐదు రోజులకు మించి వరసగా వాడకూడదు. వాడితే మందు ప్రభావం తగ్గగానే లోపలి పొర ముందటి కంటే ఎక్కువగా వాచి, మళ్ళీ మందు వేస్తే తప్ప ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. నేను వెళ్లిన డాక్టరుగారు ముందు అడిగినవి రెండే ప్రశ్నలు: స్ప్రే వాడుతున్నారా, అలర్జీ ఉందా అని. రెండు నెలల తర్వాత రమ్మన్నారు, అప్పటిదాకా ఆ స్ప్రే పూర్తిగా మానేయమన్నారు. మానేసిన మొదటి మూడు వారాలు నరకం. ఆ తర్వాత ఎడమ వైపు పూర్తిగా బాగుపడింది, కుడి వైపు సగం. పాత ఆపరేషన్ విఫలమైందని నమ్ముతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మళ్ళీ ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు ఈ ఒక్క సంగతి సరిచూసుకోమని బతిమాలుతున్నాను. అలర్జీ, పాలిప్స్ అనే ముక్కు లోపలి మెత్తటి బుడిపెలు, స్ప్రే అలవాటు, ఇవన్నీ అచ్చం కూలిన ముక్కులాగే బాధపెడతాయి. వాటికి ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్ మందు కాదు.

రెండోసారి వెళ్లినప్పుడు జరిగిన పరీక్ష నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. డాక్టరుగారు చివర దూది చుట్టిన సన్నని పుల్ల ఒకటి తీసుకుని, కుడి రంధ్రంలో పక్క గోడను లోపలి నుంచి ఒక్క పిసరు పైకి ఎత్తి పట్టుకున్నారు. "ఇప్పుడు మామూలుగా పీల్చండమ్మా" అన్నారు. పీల్చాను. చల్లగా, చప్పుడు లేకుండా, ఎన్నో ఏళ్లుగా రానంత గాలి వచ్చింది. పుల్లను ఇంకొంచెం కిందికి జరిపి అలాగే పట్టారు, ఈసారి తేడా రాలేదు. పుల్ల ఎక్కడ ఎత్తితే ఊపిరి ఆడుతోందో ఆధారం అక్కడే కావాలని ఆవిడ వివరించారు. ఆ తర్వాత దూలాన్ని రెండు వైపుల నుంచీ తాకి చూశారు. చాలా మేరకు అక్కడ కార్టిలేజ్ లేదు, పలచటి పొరలు మాత్రమే ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. మొదటి ఆపరేషన్ వివరాల కాగితం ఉందా అని. నేను చేయించుకున్న చోట అడిగితే అంత పాత రికార్డులు లేవన్నారు. ఏమి కోశారో, ఎంత వదిలారో, ఏమైనా పెట్టారో తెలియకుండా రెండో సర్జన్ లోపలికి వెళ్లాలి. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం కావడానికి ఇదొక కారణం. పొరల మధ్య మచ్చకణజాలం గట్టిపడి ఉండటం, రక్తనాళాల దారులు మారిపోయి ఉండటం, వాడుకోవడానికి సొంత కార్టిలేజ్ మిగలకపోవడం మిగిలిన కారణాలు. ముక్కులో కార్టిలేజ్ మిగలకపోతే చెవి నుంచి గానీ, పక్కటెముక నుంచి గానీ తేవాలి. పక్కటెముకలోని కార్టిలేజ్ వయసు పెరిగేకొద్దీ సున్నం పట్టి గట్టిపడుతుంది, చెక్కడానికి లొంగదు. వయసు మళ్లాక రెండో ఆపరేషన్ ఎంచుకునేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

నాకు చెవి దొప్పలోంచి తీసిన ముక్కను మధ్యభాగం మీద రెండు వైపులా రెక్కల్లా వంచి కుట్టారు. ఆకారాన్ని బట్టి దాన్ని బటర్‌ఫ్లై గ్రాఫ్ట్ అంటారు. ఆ రెక్కలు స్ప్రింగులా పక్క గోడలను బయటికి పట్టి ఉంచుతాయి. దానికి ఒక మూల్యం ఉందని డాక్టరుగారు ముందే చెప్పారు: ముక్కు మధ్యలో ముందటి కంటే కొంచెం నిండుగా, వెడల్పుగా కనిపిస్తుంది. 23 ఏళ్లప్పుడు ఆ మాట విని ఉంటే లేచి వచ్చేసేదాన్ని. 51 ఏళ్లకు సంతకం పెట్టేశాను. నాకు ముక్కు కంటే చెవే ఎక్కువ బాధించింది, మూడు వారాలు ఆ వైపు తిరిగి పడుకోలేకపోయాను. జారిన కొనను కూడా కొంచెం ఎత్తమంటారా అని అడిగితే వద్దన్నాను. అక్కకూ నాకూ మిగిలిన పోలిక అదొక్కటే.

ఇప్పుడు నా కథ పక్కన పెట్టి, మళ్ళీ చేయించుకోవాల్సి రావడం అసలు ఎప్పుడు జరుగుతుందో చెబుతాను. ఎక్కువమందికి అది వృద్ధాప్యంలో వచ్చే అవసరం కాదు, మొదటి రెండు మూడేళ్లలోనే తేలే విషయం. రైనోప్లాస్టీ చేయించుకున్నవారిలో రెండో ఆపరేషన్ దాకా వెళ్లేవారు సాధారణంగా 5 నుంచి 15 శాతం వరకు ఉంటారని వైద్యులు చెబుతారు. ఒక పక్కకు ఒరగడం, చిన్న గుంట, కొన ఎత్తుపల్లాలు, బొడిపె పూర్తిగా పోకపోవడం లాంటివి అందులో ఎక్కువ. అయితే దానికి తొందరపడకూడదు. వాపు కొన్ని వారాల్లో చాలావరకు తగ్గినట్టే కనిపిస్తుంది, కానీ కొన దగ్గర మిగిలినది తగ్గడానికి ఏడాది పడుతుంది, చర్మం మందంగా ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే కనీసం 12 నెలలు గడిచేదాకా సర్జన్లు మళ్ళీ కత్తి పట్టరు. నాలుగో నెలలోనే కంగారుపడి వేరే సర్జన్ కోసం వెతకడం మొదలుపెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వారు చూసుకుంటున్నది ఇంకా పూర్తికాని ముక్కును.

సిలికాన్ లాంటి కృత్రిమ పదార్థం పెట్టి ముక్కును ఎత్తు చేయించుకున్నవారి సంగతి వేరు. అక్కడ ఉన్నది సొంత కణజాలం కాదు. చాలామందికి అది జీవితాంతం ఇబ్బంది పెట్టకుండా ఉండిపోతుంది, కానీ అది పక్కకు జరగడం, ఇన్‌ఫెక్షన్ రావడం, పైన చర్మం పలచబడి బయటికి పొడుచుకు రావడం ఎన్నో ఏళ్ల తర్వాత కూడా జరగవచ్చు. కొన దగ్గర చర్మం ఎర్రగా, మెరుస్తూ, పలచగా మారితే రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే చూపించుకోవాలి. చర్మం చిల్లు పడకముందు తీస్తే సరిచేయడం తేలిక, పడ్డాక చాలా కష్టం. సొంత కార్టిలేజ్ పెట్టినవారికి ఈ భయం దాదాపు లేదు. కాకపోతే పక్కటెముక ముక్క ఎప్పుడైనా కొంచెం వంగవచ్చు. పైన చర్మం దశాబ్దాల మీద పలచబడినప్పుడు లోపలి అంచులు బయటికి తెలియవచ్చు కూడా.

కేవలం దూలం వంకర సరిచేయించుకున్నవారికి, అంటే సెప్టోప్లాస్టీ మాత్రమే అయినవారికి, జవాబు ఇంకా సులువు. చాలామందికి ఒక్కసారితో సరిపోతుంది. కార్టిలేజ్‌కు పాత వంపు వైపు తిరిగి వాలే గుణం ఉంది కాబట్టి కొందరికి కొంత వంకర తిరిగి వస్తుంది. లోపల తగ్గించిన టర్బినేట్లు, అంటే ముక్కు పక్క గోడల మీద ఉండే మడతలు, అలర్జీ ఉన్నవారిలో మళ్ళీ వాయవచ్చు. మొదటి నుంచీ రెండోసారి చేయాలని తెలిసే చేసే ఆపరేషన్లు కూడా ఉన్నాయి. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకు చిన్నప్పుడు ముక్కును కొంత సరిచేసి, ముఖం ఎదుగుదల పూర్తయ్యాక అసలు ఆపరేషన్ చేస్తారు. అది వైఫల్యం కాదు, ముందే వేసుకున్న ప్రణాళిక. మామూలుగా అందం కోసం చేసే ఆపరేషన్‌ను అమ్మాయిల్లో 15, 16 ఏళ్లకు ముందు, అబ్బాయిల్లో 16, 17 ఏళ్లకు ముందు చేయకపోవడానికి కారణం కూడా ఈ ఎదుగుదలే.

కత్తి అవసరం లేదు, ఒక్క సూదితో సరిచేస్తామని ఫిల్లర్ల గురించి, అంటే చర్మం కింద ఎక్కించే జెల్ లాంటి పదార్థం గురించి చెప్పేవారు ఇప్పుడు చాలామంది. చిన్న గుంటను పూడ్చడానికి అది పనికొస్తుంది, కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఉంటుంది. కానీ ముక్కు చుట్టూ ఉన్న రక్తనాళాలకు కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది. పదార్థం రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడటం, అరుదుగా చూపు పోవడం కూడా జరిగాయి. ఒకసారి ఆపరేషన్ అయిన ముక్కులో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. నాకు ఎవరైనా అది సూచిస్తే ఒప్పుకోను. చేయించుకునేవారు పదార్థాన్ని కరిగించే మందు దగ్గర ఉంచుకుని, ముక్కు లోపలి నిర్మాణం తెలిసిన డాక్టరు చేతనే చేయించుకోవాలి.

ఇంకో మాట రాయడానికి మనసు బరువుగా ఉంది, అయినా రాయాలి. మూడోసారి, నాలుగోసారి ఆపరేషన్ కోసం తిరిగేవారిలో కొందరి బాధ ముక్కులో ఉండదు. ఎదుటివారికి కనపడని లోపం వారికి రోజంతా కనపడుతూ ఉంటుంది, గంటల తరబడి అద్దం ముందు నిలబెడుతుంది, బయటికి రానివ్వదు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే ఈ సమస్య ముక్కు ఆపరేషన్ కోరుకునేవారిలో మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆపరేషన్ సాధారణంగా దాన్ని తగ్గించదు, కొన్నిసార్లు పెంచుతుంది కూడా. అలాంటివారిని మానసిక వైద్యుల దగ్గరికి పంపి, కత్తి పట్టడానికి నిరాకరించే సర్జన్ వారికి మేలే చేస్తున్నారు.

వయసు మళ్లాక చేయించుకోవచ్చా అంటే, వయసు ఒక్కటే అడ్డు కాదు. రక్తం పలచబడే మందులు, బీపీ, గుండె సంగతులు ముందు చూస్తారు, పొగతాగే అలవాటు ఉంటే మానమంటారు. కొన మరీ కిందికి జారి ఊపిరికి అడ్డమైన పెద్దవారికి, ఎప్పుడూ ఆపరేషన్ కానివారికి సైతం, కొనను ఎత్తి నిలబెడితే గాలి తేలికగా ఆడుతుంది. పెద్ద వయసులో నేను పట్టించుకోమనేది ఊపిరినే, అద్దాన్ని ఆ తర్వాతే.

మొన్న ఆదివారం అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి సరిగ్గా చెప్పాను. సర్జన్‌ను "ఎంత చిన్నది చేస్తారు" అని కాకుండా, "బొడిపె తీశాక మధ్య కప్పును ఎలా కడతారు, దూలంలో ఎంత వదులుతారు, నా ఊపిరి ఇప్పుడు ఎలా ఉందో కొలిచారా" అని అడగమన్నాను. ఆపరేషన్ అయ్యాక ఏమి తీశారు, ఏమి పెట్టారు అన్న పూర్తి వివరాల కాగితం చేతికి వచ్చేదాకా వదలవద్దన్నాను. నా రెండో ఆపరేషన్ కాగితం బీరువాలోంచి తీసి చూపించాను. ఏ చెవిలోంచి ఎన్ని మిల్లీమీటర్ల ముక్క తీశారో, ఏ దారంతో కుట్టారో కూడా అందులో రాసి ఉంది. తను ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని, నా చెవి వెనక మచ్చను వేలితో తడిమి చూసి, "ఇంకో ఏడాది ఆలోచిస్తాను పిన్నీ" అంది.